ఏనుగులకు రెక్కలు కట్టిన కెమిస్టు: జాన్ ఫెన్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక అమెరికన్ కెమిస్టు గురించి. పేరు జాన్ ఫెన్. 2002లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. నోబెల్ వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఈయన గురించే ఎందుకు అంటారా? నాలుగు తేదీలు చెప్తాను, వినండి.

పీహెచ్‌డీ పూర్తయింది 1940లో. మొదటి రీసెర్చ్ పేపర్ అచ్చయింది 1949లో. "మీకు 70 ఏళ్ళు నిండాయి, ఇక చాలు" అని యూనివర్సిటీ రిటైర్ చేసింది 1987లో. మరి ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టిన రిజల్ట్ ప్రపంచం ముందుకు వచ్చింది ఎప్పుడు? 1988లో. అంటే రిటైరైన మరుసటి ఏడాది!

వయసు గురించి మోటివేషన్ క్లాస్ చెప్పడానికి నేను కూర్చోలేదు. ఆ రిజల్ట్ ఊరికే ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని ముక్కలు ముప్పై, నలభై ఏళ్ళ పాటు రకరకాల చోట్ల పడి ఉన్నాయి. ఒక ముక్క కార్లకు రంగు వేసే ఫ్యాక్టరీలో, ఒకటి జెట్ ఇంజన్ల రీసెర్చ్‌లో, ఇంకొకటి ఎవరూ పట్టించుకోని ఒక పాత ప్రయోగంలో. అవన్నీ ఒక మనిషి చేతిలో ఎలా కలిశాయన్నదే ఈ రోజు కథ.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం.

కూరగాయలు తూచడానికి కాటా ఉంది. బంగారం తూచడానికి ఇంకా సున్నితమైన కాటా ఉంది. మరి ఒక్క మాలిక్యూల్‌ని తూచాలంటే? దానికి వాడే యంత్రం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. ఇది ఎలా పనిచేస్తుందంటే, జోరుగా గాలి వీస్తున్నప్పుడు ఒక టేబుల్ టెన్నిస్ బంతి, ఒక క్రికెట్ బంతి ఒకే వేగంతో విసిరారనుకోండి. తేలికది గాలికి బాగా పక్కకు పోతుంది, బరువైనది కొంచెమే జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి బరువు చెప్పేయొచ్చు. యంత్రంలో గాలికి బదులు కరెంటు, అయస్కాంతం ఉంటాయి, అంతే తేడా. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఈ దారి మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో దాన్ని సరైన యంత్రంగా తయారు చేశాడు. నియాన్ గ్యాస్‌లో 20 బరువున్న అణువులు, 22 బరువున్న అణువులు రెండూ కలిసి ఉన్నాయని తేల్చాడు. 1922లో ఆస్టన్‌కు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

అయితే ఈ కాటాకు రెండు షరతులు ఉన్నాయి. తూచాల్సిన వస్తువు ఆవిరి రూపంలో ఉండాలి. దానికి కరెంటు చార్జ్ ఉండాలి. పెట్రోలుకైతే ఇబ్బంది లేదు, వేడి చేస్తే ఆవిరవుతుంది. ప్రొటీన్ సంగతేంటి? మీ వంటింట్లోనే చూడొచ్చు. పెనం మీద గుడ్డు కొట్టండి. తెల్లసొనలో నీళ్ళు తీసేస్తే మిగిలేది దాదాపు ప్రొటీనే. అది ఆవిరవుతుందా? గట్టిపడుతుంది, ఇంకా ఉంచితే మాడిపోతుంది. అదీ సమస్య.

సైజులు కూడా ఒకసారి చూడండి. హైడ్రోజన్ అణువు బరువు 1 అనుకుంటే, నీటి మాలిక్యూల్ 18, ఆస్పిరిన్ 180. ఇన్సులిన్ సుమారు 5,800. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ దాదాపు 64,500. చిన్నవాటిని ఎగరేసి తూచడం 1920ల నుంచే వచ్చు. పెద్దవాటిని ముక్కలు కాకుండా ఎగరేయడమే ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. ఫెన్ తర్వాత తన నోబెల్ ప్రసంగానికి పెట్టిన పేరు కూడా ఇదే అర్థంలో ఉంటుంది: మాలిక్యూల్ ఏనుగులకు ఎలక్ట్రోస్ప్రే రెక్కలు.

సరే, ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం.

జాన్ ఫెన్ 1917 జూన్ 15న న్యూయార్క్‌లో పుట్టాడు. చదువు కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీలో. ఆ కాలేజీకి ఒక పద్ధతి ఉంది. ఫీజు కట్టక్కర్లేదు, కానీ ప్రతి స్టూడెంటూ ఏదో ఒక పని చేయాలి. 1937లో అక్కడ డిగ్రీ, 1940లో యేల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ. ఆయన థీసిస్ మొత్తం 45 పేజీలు. అందులో వాక్యాలు రాసిన పేజీలు మూడే, మిగతావన్నీ టేబుళ్ళు, లెక్కలు! లెక్కలంటే గుర్తొచ్చింది, మ్యాథ్స్‌లో తన పునాది బలంగా లేదని, అది తనను వెనక్కి లాగిందని ఆయన జీవితాంతం అనుకున్నాడు. నోబెల్ విజేతే ఆ మాట అన్నాడంటే, ఇంటర్‌లో మ్యాథ్స్ చూసి భయపడ్డవాళ్ళు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు.

పీహెచ్‌డీ అయ్యాక యూనివర్సిటీలో ఉద్యోగం చేయలేదు. మొదట అలబామాలో మోన్‌శాంటో కంపెనీ ప్లాంట్‌లో చేరాడు. తర్వాత షార్ప్‌లెస్ అనే కెమికల్ కంపెనీ. 1945 నుంచి వర్జీనియాలో ఎక్స్‌పెరిమెంట్ ఇన్‌కార్పొరేటెడ్ అనే చిన్న సంస్థలో మంటలు, జెట్ ఇంజన్ల మీద పని. అక్కడ ఉండగానే 1949లో మొదటి పేపర్ వచ్చింది. ఈ రోజుల్లో అయితే పీహెచ్‌డీ తర్వాత తొమ్మిదేళ్ళు పేపర్ లేకపోతే ఆ మనిషిని ఏ ఇంటర్వ్యూకీ పిలవరు. ఆ రోజుల్లో కూడా యూనివర్సిటీ లెక్కల్లో అది పెద్ద లోటే.

1952లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి వెళ్ళాడు. అక్కడ అమెరికా నేవీ డబ్బుతో నడిచే ప్రాజెక్ట్ స్క్విడ్‌కు డైరెక్టర్. ఇది కూడా జెట్ ఇంజన్ల గొడవే. కానీ అక్కడ ఆయన చేతికి ఒక విద్య వచ్చింది. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న గ్యాస్‌ని చిన్న రంధ్రం గుండా ఖాళీలోకి, అంటే వ్యాక్యూమ్‌లోకి వదిలితే ఏమవుతుందన్నది. బండి టైర్‌లో గాలి తీసేటప్పుడు వాల్వ్ దగ్గర వేలు పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. వ్యాక్యూమ్‌లోకి వదిలితే ఆ చల్లదనం ఎన్నో రెట్లు. గ్యాస్ ధ్వని కంటే వేగంగా దూసుకెళ్తుంది, విపరీతంగా చల్లబడుతుంది. ఈ సూపర్‌సోనిక్ జెట్లను ఫెన్ ఏళ్ళ తరబడి కూలంకషంగా చదివాడు. దీనికీ ప్రొటీన్లకూ సంబంధం ఏంటి? ఏమీ లేదు, అప్పటికి. ఈ చల్లదనం మాటను మాత్రం గుర్తుపెట్టుకోండి.

1967లో ఫెన్ తను చదువుకున్న యేల్‌కే ప్రొఫెసర్‌గా తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడాది, 1968లో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ కెమిస్టు మాల్కమ్ డోల్ ఒక ప్రయోగం ప్రచురించాడు. డోల్‌కు ఐడియా ఎక్కడ వచ్చిందో తెలుసా? కార్ల పెయింటింగ్ చూసి! కార్ బాడీకి రంగు కొట్టేటప్పుడు పెయింట్ తుంపరలకు కరెంటు చార్జ్ ఇస్తారు. అప్పుడు తుంపర సన్నగా విడిపోయి, వెళ్ళి బాడీకి సమానంగా అంటుకుంటుంది. డోల్ ఏమనుకున్నాడంటే, పెయింట్ బదులు పెద్ద మాలిక్యూల్స్ కలిపిన ద్రావణాన్ని ఇలా కొడితే? తుంపర ఆరుతూ చిన్నదవుతుంది. చార్జ్ మాత్రం తగ్గదు. ఒకే రకం చార్జ్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా, ఒక దశలో బిందువు తట్టుకోలేక పగిలిపోతుంది. దాని ముక్కలు మళ్ళీ ఆరతాయి, మళ్ళీ పగులుతాయి. చివరికి ద్రావణం అంతా పోయి, చార్జ్ ఉన్న మాలిక్యూల్ ఒక్కటే గాల్లో మిగులుతుంది. వేడి చేసి మాడ్చే పనే లేదు. ఏనుగు ఎగిరినట్టే!

కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ప్రయోగంలో మాత్రం డోల్‌కు స్పష్టమైన బరువులు రాలేదు. ఐడియా అక్కడే ఆగిపోయింది.

అది చదివిన ఫెన్‌కు ఎక్కడ తేడా కొట్టిందో అర్థమైంది. ఎలా? జెట్ల మీద గడిపిన ఆ ఏళ్ళ వల్ల. మాలిక్యూల్స్‌తో పాటు ద్రావణం ఆవిరి కూడా వ్యాక్యూమ్‌లోకి దూసుకెళ్తోంది. వెళ్ళగానే ఏమవుతుంది? విపరీతంగా చల్లబడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్ మీద నీళ్ళు పట్టినట్టు, ఆ ఆవిరి మళ్ళీ మాలిక్యూల్ మీద పట్టేస్తుంది. కష్టపడి ఆరబెట్టింది కాస్తా మళ్ళీ తడిసి ముద్దవుతుంది. అప్పుడు తూచితే మాలిక్యూల్ బరువా, దానికి అంటుకున్న ద్రావణం బరువా, ఎలా తెలుస్తుంది? ప్రొటీన్ల మీద జీవితమంతా పనిచేసినవాళ్ళకు ఇది తట్టడం కష్టం. జెట్ ఇంజన్ల మనిషికి వెంటనే తట్టింది.

పరిష్కారం వింటే ఇంతేనా అనిపిస్తుంది. వచ్చే తుంపరకు ఎదురుగా పొడి నైట్రోజన్ గ్యాస్‌ని ఊదడం. ఆవిరిని ఆ గాలి వెనక్కి నెట్టేస్తుంది. చార్జ్ ఉన్న మాలిక్యూల్స్‌ని మాత్రం కరెంటు ముందుకు లాగుతుంది కాబట్టి అవి ఎదురుగాలిలో ఈదుకుంటూ లోపలికి వస్తాయి. జపాన్ నుంచి వచ్చిన మసమిచి యమషిత అనే పరిశోధకుడితో కలిసి ఫెన్ ఈ ప్రయోగాలు చేశాడు. 1984లో వాళ్ళ పేపర్లు వచ్చాయి. అదే ఏడాది సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌లో ఇంకో బృందం స్వతంత్రంగా ఇలాంటి పనే ప్రచురించింది. ఈ సంగతి కూడా చెప్పుకోవాలి, చరిత్ర అన్నాక అందరి పేర్లూ లెక్కలోకి రావాలి.

అయితే 1984లో వాళ్ళు తూచినవి చిన్న మాలిక్యూల్సే. అసలు పరీక్ష ప్రొటీన్లతో. అక్కడ కొత్త తలనొప్పి వచ్చింది.

మాస్ స్పెక్ట్రోమీటర్ నేరుగా బరువు చెప్పదు. బరువుని చార్జ్‌తో భాగిస్తే ఎంత వస్తుందో అది చెప్తుంది. చిన్న మాలిక్యూల్‌కు సాధారణంగా ఒకటే చార్జ్ ఉంటుంది, కాబట్టి గొడవ లేదు. ప్రొటీన్ పెద్దది, దాని ఒంటి మీద చాలా చార్జ్‌లు కూర్చుంటాయి. ఒక మాలిక్యూల్ మీద 10, ఇంకోదాని మీద 12, మరోదాని మీద 15. ప్రొటీన్ బరువు 12,000 అనుకోండి. 10 చార్జ్‌లు ఉన్నది 1,200 దగ్గర కనిపిస్తుంది. 12 ఉన్నది 1,000 దగ్గర, 15 ఉన్నది 800 దగ్గర. ఉన్నది ఒకటే ప్రొటీన్, స్క్రీన్ మీద మాత్రం గీతల గుంపు! చూసినవాళ్ళు ఇదేదో కల్తీ శాంపిల్ అనుకుంటారు.

ఫెన్ బృందం దీన్ని తిరగేసి చూసింది. మొదటి లాభం, 12,000 బరువున్నది 1,000 దగ్గర కనిపిస్తోందంటే దాన్ని తూచడానికి ప్రత్యేకమైన భారీ యంత్రం అక్కర్లేదు, ల్యాబుల్లో అప్పటికే ఉన్న మామూలు యంత్రం చాలు. రెండో లాభం ఇంకా పెద్దది. ప్రతి గీతా అదే బరువుని వేరే చార్జ్‌తో చెప్తోంది. అంటే ఒకే వస్తువుని పదిసార్లు తూచినట్టు. పది సమాధానాలూ కలిపి సగటు తీస్తే తప్పు బాగా తగ్గిపోతుంది. ఆ లెక్క కట్టడానికి ఫెన్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మథియాస్ మాన్ అనే జర్మన్ కుర్రాడు కంప్యూటర్ పద్ధతి తయారు చేశాడు. ఆ కుర్రాడే తర్వాత జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ప్రొటీన్ల పరిశోధనకు ప్రపంచంలోనే పెద్ద పేరు అయ్యాడు. ఇంకో స్టూడెంటు చిన్-కై మెంగ్ కూడా ఈ పనిలో ముఖ్యుడు.

1988 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్ స్పెక్ట్రోమెట్రీ వాళ్ళ పెద్ద సదస్సు. అక్కడ ఫెన్ బృందం ప్రొటీన్ల బరువులు చూపించింది. దాదాపు 40,000 బరువు దాకా, అదీ మామూలు యంత్రం మీద! 1989 అక్టోబర్‌లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే ప్రపంచంలోని ల్యాబులన్నీ ఈ పద్ధతి పట్టుకున్నాయి.

ఇప్పుడు రిటైర్మెంట్ సంగతికి వద్దాం. అప్పట్లో యేల్‌లో ప్రొఫెసర్లు 70 ఏళ్ళకు తప్పనిసరిగా దిగిపోవాలి. 1987లో ఫెన్‌కు 70 నిండాయి. పరిశోధన చేసుకోవచ్చు అన్నారు, కానీ ల్యాబ్ స్థలం తగ్గిపోయింది, సిబ్బంది తగ్గిపోయారు. అంటే జీవితంలో అతి ముఖ్యమైన ప్రయోగం ఫలితం ఇస్తున్న సమయానికి ఆయన కింద కుర్చీ లేదు. 1994లో యేల్ వదిలేసి రిచ్‌మండ్‌లోని వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. అప్పటికి వయసు 77. అక్కడ కొత్త ల్యాబ్ పెట్టుకున్నాడు.

2002లో నోబెల్. సగం బహుమతి స్విట్జర్లాండ్‌కు చెందిన కుర్ట్ వ్యూట్రిక్‌కు, పావు వంతు జపాన్ ఇంజనీరు కోయిచీ తనాకాకు, పావు వంతు ఫెన్‌కు. ఆయనకు అప్పుడు 85 ఏళ్ళు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. చరిత్రలో ఇంకో అధ్యాయం ఉంది, అది అంత అందంగా ఉండదు. దాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

నోబెల్ వచ్చేనాటికే ఫెన్‌కూ యేల్‌కూ కోర్టులో కేసు నడుస్తోంది. గొడవ పేటెంట్ మీద. యూనివర్సిటీలో పనిచేస్తూ కనిపెట్టిన దాని హక్కులు యూనివర్సిటీకి చెందుతాయన్నది యేల్ నియమం. ఫెన్ ఈ పద్ధతికి తన పేరు మీద పేటెంట్ తీసుకున్నాడు, అది 1992లో మంజూరైంది. తన వాటా ఉన్న కంపెనీకే లైసెన్స్ ఇచ్చాడు. కానీ మొదట యూనివర్సిటీ అడిగినప్పుడు దీనికి వ్యాపారపరంగా పెద్ద విలువ ఉండదన్నట్టు చెప్పాడు. కోర్టు ఈ పాయింటునే పట్టుకుంది. ఆవిష్కరణ ప్రాముఖ్యాన్ని ఆయన తక్కువ చేసి చెప్పి యూనివర్సిటీని తప్పుదారి పట్టించాడని తేల్చింది. 2005లో తీర్పు యేల్ వైపు వచ్చింది. నష్టపరిహారం, లాయర్ల ఖర్చులు కలిపి 10 లక్షల డాలర్ల పైమాటే. 87 ఏళ్ళ వయసులో, నోబెల్ అందుకున్న మూడేళ్ళలోపు!

ఎవరిది తప్పు? తనను వయసు పేరుతో పక్కన పెట్టిన సంస్థ, తర్వాత లాభంలో వాటాకు వచ్చిందే అని ఫెన్ వైపు నుంచి చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ ఆ పని జరిగింది యూనివర్సిటీ ల్యాబ్‌లో, ప్రజల డబ్బుతో వచ్చిన గ్రాంట్లతో, స్టూడెంట్ల చేతులతో. నిజం దాచి హక్కు మొత్తం ఒక్కడే తీసుకోవడం న్యాయమా అంటే, కాదనే నేనూ అంటాను. గొప్ప పని చేసినవాళ్ళు ప్రతి విషయంలోనూ సరిగ్గా ఉండాలని లేదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మీలో ఎవరైనా రీసెర్చ్‌కు వెళ్తుంటే మాత్రం ఒక్క మాట: చేరే రోజున సంతకం పెట్టే కాగితాల్లో పేటెంట్ గురించి ఏం రాసి ఉందో చదువుకోండి.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, మనకేంటి అనుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో, టెస్టింగ్ ల్యాబుల్లో పనిచేసే మన పిల్లలను అడగండి. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేసి ఉద్యోగంలో చేరినవాళ్ళలో చాలామందికి రోజూ పలకరించే యంత్రం ఎల్‌సీ-ఎంఎస్. ఆ యంత్రంలో ద్రావణం తుంపరగా మారే చోటు ఉంటుంది చూశారా, ఎక్కువ యంత్రాల్లో అక్కడ జరిగేది ఫెన్ ఎలక్ట్రోస్ప్రేనే. పక్కనే నైట్రోజన్ లైన్ బుస్సుమంటూ ఉంటుంది. ఆవిరిని తరిమే పొడి గాలి అదే.

జెనరిక్ మందు తయారు చేశాక, అసలు కంపెనీ మందు లాగే ఇదీ ఒంట్లో పనిచేస్తోందని నిరూపించాలి. మాత్ర వేసుకున్న వలంటీర్ల రక్తం గంట గంటకూ తీసి, అందులో మందు ఎంత ఉందో కొలుస్తారు. మిల్లీలీటరు రక్తంలో గ్రాములో వంద కోట్లో వంతు, అంటే నానోగ్రాముల లెక్క. ఆ పని ఎక్కువగా ఈ యంత్రాల మీదే. మెడికల్ షాపులో తక్కువ ధరకు కొనే మాత్ర వెనుక ఈ తూకం ఉంది. పసిబిడ్డ మడమ నుంచి ఒక్క చుక్క రక్తం కాగితం మీద తీసుకుని, పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బులు పదుల సంఖ్యలో ఒకేసారి పరీక్షిస్తారు. అదీ ఈ పద్ధతితోనే. తార్నాకలోని ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీ కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది. కెమిస్ట్రీ చదివేవాళ్ళు వీలైతే ఒకసారి ప్రాజెక్టుకు ప్రయత్నించండి.

ఫెన్ 2010 డిసెంబర్ 10న రిచ్‌మండ్‌లో చనిపోయాడు. వయసు 93. డిసెంబర్ 10 అంటే స్టాక్‌హోమ్‌లో ఏటా నోబెల్ బహుమతులు ఇచ్చే రోజు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది 1952 నుంచి 1967 వరకు ఉన్న ఆ ప్రిన్స్‌టన్ కాలం. ఆ పదిహేనేళ్ళను అప్పట్లో ఎవరైనా చూసి ఉంటే, కెమిస్ట్రీ చదివి జెట్ ఇంజన్లలో ఇరుక్కుపోయాడు పాపం అనుకునేవాళ్ళు. చదివింది ఒకటి, చేస్తున్నది ఇంకొకటి అని బాధపడేవాళ్ళు మనలోనూ చాలామంది ఉన్నారు. ప్రతి పక్కదారీ నోబెల్‌కు వెళ్తుందని నేను చెప్పను, అది అబద్ధం. ఫెన్ ఆ పక్కదారిలో కూడా చేస్తున్న పనిని అడుగు దాకా నేర్చుకున్నాడు. గ్యాస్ రంధ్రంలోంచి బయటికొస్తే ఎంత చల్లబడుతుందో ఆయనకు లెక్కతో సహా తెలుసు. డోల్ ప్రయోగం ఎంతోమంది చదివారు. తప్పు కనిపించింది అది తెలిసినవాడికే.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే నోబెల్‌లో ఇంకో పావు వంతు అందుకున్న కోయిచీ తనాకా గురించి చెప్తాను. 43 ఏళ్ళ కంపెనీ ఉద్యోగి, పీహెచ్‌డీ లేదు, ఒక మిశ్రమం పొరపాటున కలిపాడు. ఏం కలిపాడో, ఎందుకు పారేయలేదో వచ్చే వారం మాట్లాడుకుందాం. అప్పటివరకు సెలవు.